కారు బ్యాటరీ ఆయుష్షు: ఎంపిక, మార్పిడి, సంరక్షణ

ఇంజనాయిలు ఎప్పుడు మార్చాలో, టైర్లలో గాలి ఎంత ఉండాలో తెలిసిన వాహనదారులు కూడా బ్యాటరీ సంగతి మాత్రం బండి సెల్ఫ్ తీసుకోని రోజు వచ్చేదాకా పట్టించుకోరు. ఆ రోజు వచ్చాక, ఆఫీసు వేళ మించిపోతున్న తొందరలో దగ్గరి దుకాణంవారు చూపించినదాన్ని కొని బిగించుకోవడం, రెండేళ్లు తిరగకముందే అదే ఇబ్బంది మళ్లీ ఎదుర్కోవడం ఎక్కువమంది విషయంలో జరుగుతున్నదే. నిజానికి బ్యాటరీ ఒక్క రాత్రిలో పాడయ్యే వస్తువు కాదు. దాని లోపల నెలల తరబడి సాగే క్షీణత ఒక హద్దు దాటిన తరువాతే బయటపడుతుంది, తెలుగు రాష్ట్రాల వంటి ఉష్ణప్రాంతాల్లో ఆ క్షీణతను అన్నిటికంటే వేగిరపరిచేది వేసవి వేడి. ఈ సంగతి గ్రహించి, కారుకు సరిపడే బ్యాటరీని తెలిసి ఎంచుకుని, ఏడాదిలో నాలుగైదుసార్లు కొద్ది నిమిషాల శ్రద్ధ చూపితే, దాని నుంచి రావలసిన పూర్తి కాలపు సేవను పొందడం ఏ వాహనదారుకైనా సాధ్యమే.

లోపల జరిగేదేమిటి?

కార్లలో నేటికీ విస్తారంగా వాడుతున్నది సీసం, గంధకామ్లం ఆధారంగా పనిచేసే బ్యాటరీ. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్తోఁ ప్లాంటే 1859లో దీనిని కనిపెట్టగా, 1881లో కామీ ఫోర్ సీసపు పలకల మీద సీసపు సమ్మేళనాల ముద్దను పూసే పద్ధతిని ప్రవేశపెట్టి దాని సామర్థ్యాన్ని ఎంతగానో పెంచాడు. కార్లతో దీని అనుబంధం బలపడింది మాత్రం 1912లో, చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును అమెరికాలోని కాడిలాక్ సంస్థ తన కార్లలో అమర్చినప్పుడు. అంతకుముందు ఇంజను ముందు నిలబడి ఇనుప హ్యాండిల్‌ను బలంగా తిప్పవలసి వచ్చేది. ఆ శ్రమను తప్పించిన స్టార్టరు మోటారునే తెలుగునాట మెకానిక్కులు, డ్రైవర్లు ‘సెల్ఫ్’ అంటారు.

కారు బ్యాటరీ పెట్టెలో ఆరు గదులుంటాయి. వీటిని సెల్‌లు అంటారు. ఒక్కొక్క సెల్‌లో సీసపు డయాక్సైడ్ పూసిన ధన పలకలు, మెత్తని స్పాంజివంటి సీసంతో చేసిన రుణ పలకలు ఒకదాని పక్కన ఒకటి వరుసగా ఉండి, నీటితో కలిపిన గంధకామ్లంలో మునిగి ఉంటాయి. ఒక్కో సెల్ సుమారు 2.1 వోల్టుల విద్యుత్ పీడనాన్ని ఇస్తుంది కాబట్టి ఆరింటినీ వరుసగా కలిపినప్పుడు పూర్తిగా చార్జి అయిన బ్యాటరీ 12.6 వోల్టుల పైచిలుకు చూపుతుంది. కరెంటును వాడుకుంటున్నకొద్దీ రెండు రకాల పలకల మీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడి నీటివైపు మొగ్గుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు బెల్టు సాయంతో తిరిగే ఆల్టర్నేటరు, అంటే చాలామంది ఇప్పటికీ డైనమో అని పిలిచే భాగం, సుమారు 13.8 నుంచి 14.5 వోల్టుల వద్ద కరెంటును వెనక్కి పంపి ఆ సల్ఫేటును కరిగిస్తుంది, పలకలను తొలి స్థితికి తెస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చాలా అపోహలను తొలగిస్తుంది. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టరు మోటారు సుమారు 150 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. అది చాలా పెద్ద ప్రవాహమే అయినా రెండు సెకన్లలోపే ఆగిపోతుంది కనుక ఖర్చయ్యే మొత్తం ఒక ఆంపియర్-అవర్‌లో పదో వంతు కూడా ఉండదు. దానికి భిన్నంగా, ఆపిన కారులో రెండు హెడ్‌లైట్లు వెలుగుతూ ఉండిపోతే గంటకు సుమారు 9 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి, మూడు గంటల్లో చిన్న కారు బ్యాటరీ దాదాపు అడుగంటుతుంది. కొద్ది క్షణాలు భారీ కరెంటు ఇచ్చి వెంటనే తిరిగి నిండే పనికోసమే ఈ బ్యాటరీల పలకలను పలచగా, ఎక్కువ సంఖ్యలో తయారుచేస్తారు. గంటల తరబడి నెమ్మదిగా కరెంటు ఇవ్వవలసిన ఇంటి ఇన్వర్టరు బ్యాటరీల పలకలు మందంగా ఉంటాయి. చూడటానికి రెండూ 12 వోల్టుల బ్యాటరీలే అయినా, కారు బ్యాటరీని ఇన్వర్టరుకు తగిలిస్తే పదేపదే పూర్తిగా ఖాళీ కావడం వల్ల అది కొద్ది నెలల్లోనే పనికిరాకుండా పోతుంది.

ఎండే అసలు శత్రువు

చలికాలపు ఉదయం బండి స్టార్టు కాకపోతే చలి వల్ల బ్యాటరీ పాడైందని భావించడం సహజం. శీతల దేశాల్లో అది కొంతవరకు నిజం కూడా. కెనడాలోనో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది బాగా అనుభవం. సున్నాకు 18 డిగ్రీల కింద బ్యాటరీ ఇవ్వగల శక్తి సగానికి సమీపంగా పడిపోతుంది, చిక్కబడిన ఆయిలు వల్ల ఇంజను తిప్పడానికి కావలసిన బలమేమో పెరుగుతుంది. చార్జి తగ్గిన బ్యాటరీలో ఆమ్లం పలచగా ఉంటుంది కనుక అక్కడి చలికి అది గడ్డకట్టి పెట్టె పగిలే ప్రమాదమూ ఉంది. అయితే చలి బ్యాటరీ శక్తిని తాత్కాలికంగా తగ్గిస్తుందే తప్ప పలకలను అంతగా దెబ్బతీయదు. శాశ్వతమైన నష్టం చేసేది వేడే.

రసాయనిక చర్యల వేగం ఉష్ణోగ్రతతోపాటు పెరుగుతుంది. బ్యాటరీ విషయంలో ఇంజనీర్లు వాడే స్థూలమైన లెక్క ప్రకారం, ఉష్ణోగ్రత ఎప్పుడూ 10 డిగ్రీలు ఎక్కువగా ఉండే చోట ఆయుష్షు దాదాపు సగమవుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండలో, వేడెక్కిన ఇంజను పక్కనే మూతపడిన బానెట్ కింద కూర్చున్న బ్యాటరీ బయటి గాలికంటే ఎంతో ఎక్కువ వేడిని భరిస్తుంది. ఆ వేడికి ధన పలకలకు ఆధారమైన సీసపు జాలీ తుప్పుపట్టి బలహీనపడుతుంది, ఆమ్లంలోని నీరు ఆవిరై తగ్గిపోతుంది, కారు వాడకుండా ఉంచినా బ్యాటరీ తనంతట తానే ఖాళీ అయ్యే వేగం పెరుగుతుంది. వేసవిలో ఇలా లోలోపల దెబ్బతిన్న బ్యాటరీ, ఇంజను తేలిగ్గా తిరిగే ఆ వెచ్చని రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తుంది. వానాకాలంలో లైట్లు, వైపర్లు, అద్దాల మంచు తుడిచే ఫ్యాను కలిసి భారం పెంచినప్పుడో, డిసెంబరు చలిలోనో దాని బలహీనత బయటపడుతుంది. అందువల్లనే వర్షాలు మొదలయ్యేలోపు, అంటే జూన్ నాటికి, మూడేళ్లు నిండిన బ్యాటరీని పరీక్ష చేయించడం వివేకం.

లేబులు మీద ఏం రాసి ఉంటుంది?

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఏ కంపెనీది మంచిదని. పేరున్న తయారీదారుల వస్తువుల మధ్య తేడా కంటే, కారుకు సరిపడని రకాన్ని ఎంచుకోవడం వల్ల కలిగే నష్టమే ఎక్కువ. కాబట్టి మొదట చూడవలసింది లేబులు మీది అంకెలు.

వాటిలో మొదటిది సామర్థ్యం. దీనిని ఆంపియర్-అవర్లలో చెబుతారు, లేబులు మీద ‘ఏహెచ్’ అని ఉంటుంది. 35 ఏహెచ్ బ్యాటరీ అంటే 1.75 ఆంపియర్ల కరెంటును 20 గంటలపాటు ఇవ్వగలిగినదని అర్థం. చిన్న పెట్రోలు కార్లకు సాధారణంగా 35 ఏహెచ్ ప్రాంతంలోనివి సరిపోతాయి. అధిక ఒత్తిడితో పనిచేసే డీజిలు ఇంజను తిరగడానికి ఎక్కువ బలం కావాలి, పైగా స్టార్టుకు ముందు గ్లో ప్లగ్గులు, అంటే ఇంజను గదులను వేడెక్కించే చిన్న హీటర్లు, కరెంటు తీసుకుంటాయి. అందుకే డీజిలు కార్లకు ఇంతకంటే చాలా పెద్ద బ్యాటరీలు అమరుస్తారు.

రెండోది సీసీఏ, అంటే కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లు. సున్నాకు 18 డిగ్రీల కింది చలిలో, వోల్టేజి 7.2కు దిగకుండా 30 సెకన్లపాటు బ్యాటరీ ఇవ్వగల కరెంటు ఎంతో ఈ అంకె చెబుతుంది. విజయవాడలోనో వరంగల్‌లోనో అంత చలి ఎన్నడూ రాకపోయినా, సెల్ఫ్ కొట్టే క్షణంలో బ్యాటరీ చూపగల బలానికి ఇది నమ్మదగిన కొలమానం కనుక కారు తయారీదారు సూచించిన దానికంటే ఇది తగ్గకుండా చూసుకోవాలి.

మూడోది కొలతలనూ, టెర్మినళ్ల స్థానాన్నీ తెలిపే సంకేతం. జపాన్ ప్రమాణాన్ని అనుసరించే చిన్న కార్లలో తరచుగా కనిపించే 38బి20ఎల్ అనే సంకేతాన్ని విడదీసి చూస్తే, మొదటి 38 బ్యాటరీ పనితీరు స్థాయిని, ‘బి’ అక్షరం వెడల్పు, ఎత్తుల తరగతిని, 20 అనేది సెంటీమీటర్లలో సుమారు పొడవును, చివరి ‘ఎల్’ ప్లస్ టెర్మినల్ ఏ వైపున ఉందో తెలుపుతాయి. చివరి అక్షరం ‘ఎల్’కు బదులు ‘ఆర్’ అయితే మిగతావన్నీ ఒకటే అయినా టెర్మినళ్లు తారుమారవుతాయి, కారులోని వైర్లు వాటిదాకా చాలవు, లేదా లాగి బిగించవలసి వస్తుంది. యూరప్ పద్ధతిలో తయారైన కార్లకు డిన్ ప్రమాణం ప్రకారం డిన్ 44, డిన్ 55 వంటి పేర్లుంటాయి. ఇవి ఎత్తు తక్కువగా ఉండి, టెర్మినళ్లు పై అంచుకు దిగువన గుంటలో అమరి, అడుగున ఉన్న అంచును పట్టి బిగించే తీరులో ఉంటాయి. కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలోనో, పాత బ్యాటరీ మీదనో ఉన్న సంకేతాన్ని ఫోనులో ఫొటో తీసుకుని దుకాణానికి వెళితే సగం పొరపాట్లు తప్పుతాయి.

నాలుగోది రకం. మూతలు తీసి నీళ్లు పోసుకునే సాధారణ బ్యాటరీలు ఒక తరగతి. సీసానికి కాల్షియం కలిపి నీరు ఆవిరయ్యే వేగాన్ని బాగా తగ్గించి, మూతలకు సీలువేసి అమ్మే ‘మెయింటెనెన్స్ ఫ్రీ’ బ్యాటరీలు రెండో తరగతి. సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజను దానంతటదే ఆగి, క్లచ్ నొక్కగానే తిరిగి స్టార్టు అయ్యే సదుపాయమున్న కార్లలో సెల్ఫ్ రోజుకు పదులసార్లు పనిచేస్తుంది, ఆగిన సమయంలో ఏసీ ఫ్యాను, లైట్లు బ్యాటరీ మీదే నడుస్తాయి. అలాంటి కార్లకు పలకలను మరింత దృఢపరిచిన ఈఎఫ్‌బీ రకంగానీ, ఆమ్లాన్ని గాజునారతో చేసిన మెత్తని పొరల్లో పీల్చి నిలిపిన ఏజీఎం రకంగానీ వాడతారు. ఈ కార్లలో చవకని సాధారణ బ్యాటరీ పెడితే మొదట బాగానే పనిచేసినట్లు కనిపించి త్వరగా చతికిలబడుతుంది. ఆదా చేశామనుకున్న డబ్బు రెండో బ్యాటరీకి పోతుంది. కారుతో వచ్చిన రకానికి సమానమైనదో, దానికి పైస్థాయిదో తీసుకోవచ్చు గానీ కిందిస్థాయికి దిగకూడదు.

విద్యుత్ కార్లు కొన్నవారు కూడా దీని నుంచి పూర్తిగా తప్పించుకోలేరు. చక్రాలను నడిపే పెద్ద లిథియం బ్యాటరీతోపాటు తలుపుల తాళాలు, లైట్లు, కంప్యూటర్ల కోసం వాటిలోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది డౌన్ అయితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదు.

తేదీ, వారంటీ

దుకాణంలో అరల మీద ఉన్నప్పుడు కూడా బ్యాటరీ తనంతట తాను కొద్దికొద్దిగా ఖాళీ అవుతూనే ఉంటుంది. అందువల్ల తయారై ఆరు నెలలు దాటినదాన్ని, మధ్యలో చార్జి చేయకుండా నిలవ ఉంచినదాన్ని తీసుకోకపోవడం మంచిది. తయారీ నెల, సంవత్సరం పెట్టె మీద ముద్రించి గానీ, సంకేత రూపంలో చెక్కి గానీ ఉంటాయి. అర్థం కాకపోతే చదివి చెప్పమని దుకాణదారును అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉంది.

వారంటీని చాలా కంపెనీలు రెండు భాగాలుగా ఇస్తాయి. ఉదాహరణకు 36 నెలల వారంటీలో మొదటి 18 నెలలు ఉచిత మార్పిడికి, తరువాతి 18 నెలలు ప్రొరేటా పద్ధతికి కేటాయించి ఉండవచ్చు. ప్రొరేటా అంటే వాడిన కాలాన్ని బట్టి కొత్త బ్యాటరీ ధరలో కొంత శాతం మాత్రమే తగ్గించడం. రెండు అంకెలూ కలిపి ‘ఇన్ని నెలల గ్యారంటీ’ అని చెప్పినప్పుడు అందులో ఉచిత మార్పిడి కాలం ఎంతో విడిగా అడిగి తెలుసుకోవాలి. బిల్లు మీద, వారంటీ కార్డు మీద బ్యాటరీ క్రమసంఖ్య, కొన్న తేదీ, దుకాణం ముద్ర ఉన్నాయో లేదో అక్కడే సరిచూసుకోవాలి. పాత పెట్టెల్లో పలకలు మార్చి ‘రీకండిషన్’ పేరిట అమ్మే బ్యాటరీల సామర్థ్యాన్ని నిర్ధారించే మార్గం లేదు కాబట్టి, కుటుంబంతో దూరప్రయాణాలు చేసే కారుకు అవి తగవు.

కొనేముందు పరీక్ష

బండి స్టార్టు కానంత మాత్రాన బ్యాటరీదే తప్పని నిర్ణయించరాదు. వదులైన టెర్మినల్, అరిగిన బెల్టు, చెడిన ఆల్టర్నేటరు, పాడైన స్టార్టరు మోటారు కూడా అవే లక్షణాలు చూపుతాయి. వీటిని వేరుచేసి గుర్తించడానికి ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరికే చవకైన డిజిటల్ మల్టీమీటరు ఒకటి చాలు.

రాత్రంతా కదలకుండా ఉన్న కారు బానెట్‌ను ఉదయం ఎత్తి, మీటరును డీసీ 20 వోల్టుల స్థానంలో ఉంచి, ఎర్ర తీగను ప్లస్‌కు, నల్ల తీగను మైనస్‌కు ఆనించినప్పుడు 12.6 లేదా ఆపైన కనిపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్లు. 12.4 దగ్గర ఉంటే ముప్పాతిక వంతు, 12.2 దగ్గర ఉంటే సగం, 12.0 ఉంటే పాతిక వంతు మిగిలినట్లు స్థూలంగా లెక్కించవచ్చు. తరువాత మరొకరు సెల్ఫ్ కొడుతుండగా మీటరును గమనించాలి. అంకె ఒక్కసారిగా దిగి వెంటనే కోలుకోవడం సహజమే గానీ, 9.6 కంటే కిందికి పడిపోతే, అందులోనూ ముందు 12.6 చూపిన బ్యాటరీ అలా పడిపోతే, పలకల్లో బలం తగ్గిందని గ్రహించాలి. ఇంజను స్టార్టు అయ్యాక మీటరు 13.8 నుంచి 14.5 మధ్య నిలవాలి. 13 దాటకపోతే లోపం చార్జింగులో ఉన్నట్లు, 15కు చేరితే అతిచార్జి అవుతున్నట్లు. ఈ రెండు సందర్భాల్లోనూ కొత్త బ్యాటరీ కొంటే అది కూడా తొందరలోనే పాడవుతుంది. డ్యాష్‌బోర్డు మీద వెలిగే ఎర్రని బ్యాటరీ గుర్తు సూచించేది కూడా ఎక్కువగా ఆల్టర్నేటరు, బెల్టుల లోపాన్నే.

కొన్ని బ్యాటరీల మీద ఆకుపచ్చగానో నల్లగానో కనిపించే చిన్న గాజుకన్ను ఉంటుంది. ఆకుపచ్చ రంగు చార్జి ఉన్నదని చెబుతుంది. అయితే అది ఆరు సెల్‌లలో ఒక్కదాని స్థితిని మాత్రమే చూపుతుంది కనుక, మిగతా ఐదింటిలో ఒకటి చెడినా కన్ను ఆకుపచ్చగానే ఉండవచ్చు. బ్యాటరీ దుకాణాల్లో చేసే లోడ్ టెస్టు దీనికంటే నమ్మదగినది.

మార్చే క్రమం

బ్యాటరీ మార్చడం కష్టమైన పని కాదు. చాలా చిన్న కార్లలో 10 నంబరు పానా ఒకటి సరిపోతుంది. అయితే క్రమం తప్పకూడదు. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, చేతులకు రబ్బరు తొడుగులు, వీలైతే కళ్లకు అద్దాలు పెట్టుకుని మొదట మైనస్ వైరు విప్పాలి, తరువాతే ప్లస్ విప్పాలి. కారు ఇనుప శరీరమంతా మైనస్‌తో కలిసి ఉంటుంది కాబట్టి, మైనస్ విప్పకుండా ప్లస్ విప్పుతున్న పానా పక్కనున్న ఇనుముకు తగిలితే వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా ప్రవహించి నిప్పురవ్వలు లేస్తాయి, పానా ఎర్రగా కాలిపోతుంది. మైనస్ ముందే వేరుచేస్తే ఆ ప్రమాదం ఉండదు. బిగించేటప్పుడు ఇదే కారణం వల్ల క్రమం తిరగబడుతుంది: ముందు ప్లస్, చివర మైనస్.

పాత బ్యాటరీని తీసినప్పుడు దాని అడుగున ఉన్న ఇనుప ట్రేలో ఆమ్లం ఒలికి తుప్పుపట్టిన జాడలుంటే వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. కొత్తదాన్ని కూర్చోబెట్టాక పైన పట్టే క్లాంపును గట్టిగా బిగించడం చాలామంది తేలిగ్గా తీసుకునే పని. గుంతల రోడ్ల మీద ఊగిసలాడే బ్యాటరీలో పలకల మీది ముద్ద రాలి అడుగున పేరుకుని, చివరికి పలకలను కలిపి షార్టు చేస్తుంది. కరెంటు తెగినందువల్ల గడియారం, రేడియో స్టేషన్లు, అద్దాల ఆటోమేటిక్ అమరిక చెరిగిపోవచ్చు, ఇంజను కంప్యూటరు కొన్ని కిలోమీటర్లపాటు తన లెక్కలు మళ్లీ సరిచేసుకోవచ్చు. కొన్ని ఖరీదైన యూరోపియన్ కార్లలో కొత్త బ్యాటరీ వివరాలను సర్వీసు కేంద్రంలో కంప్యూటరుకు నమోదు చేయించాలి. ఏ కారులోనైనా ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు విప్పకూడదు. డైనమో పనిచేస్తున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి పూర్వం మెకానిక్కులు వాడిన ఆ పద్ధతి నేటి కార్లలోని ఎలక్ట్రానిక్ భాగాలను క్షణంలో కాల్చివేయగలదు.

నిలిపి ఉంచిన కారు

బ్యాటరీలకు వేడి తరువాత అతి పెద్ద హాని చేసేది కారును వాడకుండా ఉంచడం. తాళం వేసిన కారులో కూడా అలారం, గడియారం, తాళపు రిసీవరు వంటివి కొద్దిపాటి కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. అది 50 మిల్లీఆంపియర్లు మాత్రమే అనుకున్నా రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు అవుతుంది. అంటే 35 ఏహెచ్ బ్యాటరీ రెండు వారాలకే సగం, నెల తిరిగేసరికి పూర్తిగా ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన స్థితిలో ఉండిపోయినకొద్దీ పలకల మీది సీసపు సల్ఫేటు పెద్ద పెద్ద స్ఫటికాలుగా గట్టిపడి, ఎంత చార్జి చేసినా కరగని స్థితికి చేరుతుంది. దీనినే సల్ఫేషన్ అంటారు. పిల్లలు విదేశాల్లో ఉండి, వారు సంక్రాంతికో వేసవి సెలవులకో వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీసే కార్లు తెలుగు ఊళ్లలో చాలా ఉన్నాయి. వాటి బ్యాటరీలు ఏడాది తిరగకుండానే చెడిపోవడానికి కారణం ఇదే.

అలాంటి కారును వారానికొకసారి ఇంటిముందే ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపడం వల్ల పెద్దగా మేలు లేదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటరు ఇచ్చే కరెంటు తక్కువ. వారానికొకసారి అరగంటకు తగ్గకుండా రోడ్డు మీద నడపడం, అది కుదరకపోతే నిండగానే కరెంటును తగ్గించుకునే ఆటోమేటిక్ చార్జరు పెట్టడం, అదీ వీలుకాకపోతే మైనస్ వైరు విప్పి ఉంచడం మేలు. విడిగా చార్జి చేసేటప్పుడు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంటు, అంటే 35 ఏహెచ్‌కు సుమారు 3.5 ఆంపియర్లు, సురక్షితమైన వేగం.

నీళ్లు, టెర్మినళ్లు

మూతలున్న బ్యాటరీలో ఆమ్లపు మట్టం వేసవిలో నెలకొకసారి, మిగతా కాలంలో రెండు మూడు నెలలకొకసారి చూడాలి. పలకలు పైకి తేలితే ఆ మేరకు అవి ఎండి శాశ్వతంగా నిరుపయోగమవుతాయి. తగ్గినప్పుడు పోయవలసింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, అదీ పెట్టె మీద గీసిన పై గీత దాటకుండా. ఆవిరైపోయింది నీరే తప్ప ఆమ్లం కాదు కనుక ఆమ్లం కలపరాదు. కుళాయి నీళ్లలో, బోరు నీళ్లలో, చివరికి తాగే మినరల్ వాటర్‌లో సైతం ఉండే క్లోరైడు, ఇనుము వంటి లవణాలు పలకలను తినేస్తాయి.

టెర్మినళ్ల చుట్టూ తెల్లగానో నీలి ఆకుపచ్చగానో పేరుకునే పొర, లోపలి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసంతో, రాగితో కలవడం వల్ల ఏర్పడుతుంది. అది కరెంటుకు అడ్డుపడి, మంచి బ్యాటరీని కూడా చెడ్డదానిలా కనిపించేలా చేస్తుంది. వైర్లు విప్పి, ఒక చెంచా వంటసోడా కలిపిన గ్లాసుడు నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి, తుడిచి, తిరిగి బిగించాక పైన పలచగా వ్యాజలీన్ పూస్తే చాలాకాలం మళ్లీ పట్టదు. కడిగేటప్పుడు సోడా నీళ్లు సెల్ మూతల్లోంచి లోపలికి పోకుండా జాగ్రత్తపడాలి.

చార్జి అయ్యే ప్రతి బ్యాటరీ నుంచీ కొంత హైడ్రోజను వెలువడుతుంది. అది సులభంగా మండి పేలే వాయువు. కాబట్టి బ్యాటరీ దగ్గర సిగరెట్టు, అగ్గిపుల్ల ఉండకూడదు. మరో కారు సాయంతో జంపర్ వైర్లు వేసి స్టార్టు చేసేటప్పుడు ఎర్ర వైరును ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కు, తరువాత మంచి బ్యాటరీ ప్లస్‌కు కలిపి, నల్ల వైరును మంచి బ్యాటరీ మైనస్‌కు కలిపాక, దాని రెండో కొసను డౌన్ అయిన బ్యాటరీకి కాక, దానికి దూరంగా ఆ కారు ఇంజను ఇనుప భాగానికి తగిలించాలి. చివరి కలయికలో పుట్టే రవ్వ హైడ్రోజనుకు దూరంగా ఉండేందుకే ఈ ఏర్పాటు. బండి స్టార్టు అయ్యాక వైర్లను ఇదే క్రమానికి వెనకనుంచి ముందుకు తీయాలి. చేతికి ఆమ్లం తగిలితే వెంటనే ధారగా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే కనీసం పావుగంటపాటు నీళ్లతో కడుగుతూ ఆలస్యం లేకుండా వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

పాత బ్యాటరీ ఎక్కడికి పోవాలి?

తెలుగు నేలకు ఈ పరిశ్రమతో దగ్గరి సంబంధమే ఉంది. గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి సమీపంలోని కరకంబాడి నుంచి ఎదిగి, 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీలను తెచ్చి, దేశంలోని ప్రధాన తయారీదారుల్లో ఒకటైంది. బ్యాటరీలు ఇంత విస్తారంగా వాడే సమాజం వాటి ముగింపు విషయంలోనూ అంతే బాధ్యత వహించాలి. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. దానిని కరిగించి మళ్లీ మళ్లీ కొత్త పలకలు చేయవచ్చు కాబట్టి సక్రమమైన కర్మాగారానికి చేరితే అది విలువైన ముడిసరుకు. అనుమతి లేని చోట్ల పెట్టెలు పగలగొట్టి, ఆమ్లాన్ని మురుగుకాలువలో పారబోసి, సీసాన్ని బహిరంగంగా కరిగించినప్పుడు మాత్రం ఆ పొగ, ఆ ధూళి చుట్టుపక్కల మట్టిలో, నీళ్లలో చేరుతాయి. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది, రక్తంలో అది ఎంత తక్కువగా ఉన్నా క్షేమమని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది.

2001 నాటి నిబంధనల స్థానంలో కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, వాడేసిన బ్యాటరీలను సేకరించి పునర్వినియోగానికి పంపే బాధ్యతను తయారీదారుల మీద ఉంచాయి. పాతది తెచ్చి ఇస్తే కొత్తదాని ధరలో తగ్గింపు ఇచ్చే ఎక్స్చేంజి పద్ధతి దాదాపు ప్రతి అధీకృత దుకాణంలోనూ అమల్లో ఉంది. వీధిలో పాత సామాన్లు కొనేవారు మరో వంద రూపాయలు ఎక్కువ ఇస్తామన్నా, పాత బ్యాటరీని నమోదైన డీలరుకే అప్పగించి, బిల్లులో ఆ తగ్గింపును రాయించుకోవలసిందిగా ప్రతి వాహనదారుకూ విజ్ఞప్తి. ఆ వంద రూపాయల కోసం పక్క వీధి పిల్లల ఆరోగ్యాన్ని పణంగా పెట్టరాదు.